పొత్తిగుడ్డల ధర్మము

మేల్పాడి గ్రామమున, పొన్నై నదికి చేరువను, ఒక చిన్న రాతి గుడి యున్నది. చోళేశ్వరాలయ మని దానికి పేరు. క్రీ.శ. 985 మొదలు 1014 వరకు రాజ్య మేలిన మొదటి రాజరాజ చోళుడు, ఆఱ్ఱూరున కన్ను మూసిన తన తాత అరింజయుని పేరిట దానిని కట్టించెను. మనుమడు తాతకు కట్టించిన గుడి యది. దాని ముందునుండి పోవునప్పుడెల్ల మాకు ఒక తలంపు కలుగుచుండును. రాజు ఇంట మనుమడు తాతకు రాతితో గుడి కట్టెను. మావంటివారి యిండ్లలో తాత తన పాత పంచెను చించి మనుమనికి పొత్తిగుడ్డగా ఇచ్చును. ఒకటి వెయ్యేండ్లు నిలిచినది, మరియొకటి మూడు నెలలు నిలుచును. ఐనను రెండును ఒకే ఋణమును తీర్చు విధములు. ఒక తరము మరియొక తరమునకు ఏమి బాకీ పడియున్నది అను ప్రశ్నకు ఆ రాయి ఒక జవాబు, ఈ గుడ్డ మరియొక జవాబు.

ఈ వ్యాసమున మేము విచారింప దలచినది ఆ గుడ్డ సంగతి. బిడ్డ రానున్న యింట ఖర్చు తగ్గించుకొనుట ధర్మమా, కాదా? తగ్గించుకొనవలసి వచ్చినచో దేనిలో తగ్గింపవచ్చును, దేనిలో తగ్గింపరాదు? ఇది ఆడువారి చిల్లర లెక్క యనియు, వేదాంత విచారమునకు తగినది కాదనియు కొందరు తలంపవచ్చును. కాని పొదుపు అనుమాటలో ఎల్లప్పుడు ఒక ప్రశ్న దాగియుండును: ఆ మిగిలిన డబ్బు ఎవరి నోటినుండి మిగిలినది? ఈ ప్రశ్న అడిగినవెంటనే చిల్లర లెక్క ధర్మవిచారముగా మారును.

మన పెద్దలు పుట్టిన బిడ్డకు కొత్తబట్ట వేయరు. పురుడు వెళ్ళువరకు పాతగుడ్డలలోనే పొత్తిళ్ళు కట్టుదురు. ఇంటిలో చాలకాలము బ్రతికిన పెద్దవారి పంచెయో చీరయో చించి, ఉడుకునీట నుడికించి, మండుటెండలో ఆరవేసి దాచియుంచెదరు. పాత చీరలను పొరలు పొరలుగా పరచి, చుట్టును కుట్టువేసి బొంత చేయుదురు. దూలమునకు చీర కట్టి ఉయ్యాల వేయుదురు. తమిళమున దీనినే తూళి యందురు. మా అవ్వను చిన్నప్పుడు ఒకసారి, మన పాపకు కొత్తగుడ్డ ఎందుకు కొనలేదని అడిగితిమి. ఆమె నవ్వి, "కొత్తగుడ్డ కరుస్తుంది నాయనా, పాతగుడ్డ కరుచుకుంటుంది" అన్నది. గంజియు రంగును వదలని కొత్తగుడ్డ పసికందు చర్మమును కొరుకును. నూరుసార్లు ఉతికిన నూలుగుడ్డ మెత్తనై అంటుకొని యుండును. ఆ యొక్కమాటలో ఆరోగ్యము, ఆదా, ఆశీర్వాదము మూడును కలవు. పొత్తిగుడ్డ అనగానే మన చెవికి పొత్తు అనుమాట కూడ వినబడును. ఆ గుడ్డ ఒక్కరిది కాదు. అది ఇంటి పొత్తు, వంశపు పొత్తు.

ఇంకొక ఆచారము కూడ కలదు. బిడ్డ భూమిమీద పడకముందు ఏదియు కొనరాదందురు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అను సామెత ఆ ముందుతొందరను చూచి నవ్వుటకే పుట్టినది. దీనిని మూఢనమ్మక మని తోసివేయుట సులభము. కాని పుట్టిన బిడ్డలలో ఎందరో ఏడాది నిండకయే పోవుచుండిన కాలమున, ముందుగా కొనిన చిన్న చొక్కాయి తరువాత ఆ తల్లి కంట పడిన నేమగును? ఏమియు కొనకుండుట ఆనాడు మనసునకు వేసికొనిన ఒక కవచము. ఆ కవచమును మేము గౌరవింతుము. ఐతే దానికొక లోపమును కలదు. వస్తువులు సిద్ధముగా లేకపోయినను బిడ్డ బ్రతుకును. బండికూలి సిద్ధముగా లేనిచో తల్లియే పోవచ్చును. కొనరాదన్న పెద్దలు కూడబెట్టరాదని ఎన్నడును చెప్పలేదు. మనము ఆ భేదమును మరచితిమి.

నేడు కాలము మారినది. వేలూరు బజారులోను గుడియాత్తము బజారులోను పసిపిల్లల సరకులకే వేరు అంగళ్ళు వెలసినవి. తొట్టెలు, తోపుడు బండ్లు, దోమతెరలు, పూటకొకటి పారవేయు లంగోటీలు, పదిరకముల సబ్బులు, నూనెలు, పొడులు, ఆరు వారములలో పొట్టియగు పట్టు గౌనులు అందు దొరకును. గుడియాత్తము లుంగీల నేతకు పేరుపొందిన ఊరు. మగ్గము మీద తానులు తానులుగా నూలుబట్ట నేయు నేతగాడు, తన మనుమరాలికి మాత్రము నైలాను గౌను కొని తెచ్చుట మేము చూచితిమి. ఆయనను తప్పు పట్టుట మా యుద్దేశము కాదు. ప్రేమకు ధర చీటీ కట్టి చూపుమని లోకము అడుగుచున్నప్పుడు, పేదవాడు ముందుగా తలవంచును.

ఇచ్చట మా బంధువుల యింట జరిగిన ఒక సంగతి చెప్పవలెను. ఆ యమ్మాయి తండ్రి మాకు వరుసకు అన్న. మొదటి కాన్పు పుట్టింటివారి పూచీ యగుటచే, ఏడవ నెలలో సీమంతమునకు మంటపము మాట్లాడి, మూడువందల విస్తళ్ళు వేయించెను. పట్టుచీర, వెండి పళ్ళెము, అయిదు రకముల చిత్రాన్నములు, వచ్చినవారికెల్ల గాజులు, రవికగుడ్డలు. "ఇంత ఖర్చెందుకన్నా?" అని మేము అడుగగా, "నలుగురూ ఏమంటారు తమ్ముడా? మొదటి కాన్పు కదా!" అన్నాడు. ఆ ఖర్చును పూడ్చుకొనుటకు ఆ యింటివారు ఆ తరువాతి మూడునెలలు పొదుపు పట్టిరి. పాలు సగమాయెను. గ్రుడ్డు, పండు పండుగనాటి మాటలాయెను. నెలనెల పరీక్షకు పోవలసిన దినమున బస్సుకూలియు, ఒకనాటి మగ్గపు కూలియు పోవునని, "వచ్చే నెల పోదాంలే" అనుకొనిరి. ఉచితముగా ఇచ్చిన ఇనుపధాతు మాత్రలు వికారము పుట్టించుచున్నవని ఆ పిల్ల మానివేసినది. ఎందుకు మానితివని అడుగువారు లేరు.

తొమ్మిదవ నెలలో ఆస్పత్రికి తీసికొనిపోగా హీమోగ్లోబిన్ ఏడు గ్రాములని తేలినది. గర్భిణికి పదునొకటి ఉండవలెను. ఆ రాత్రి రక్తము కావలసి వచ్చినది. ఇద్దరము ఇచ్చితిమి. మూడవవానికై తెల్లవారువరకు ఫోనులు చేసితిమి. సీమంతమునాడు తొడిగిన బంగారు గాజులు మరునాడు కుదువ అంగడికి చేరెను. దైవకృపచే తల్లి బ్రతికినది. బిడ్డ తూకము తక్కువతో పుట్టి, చాల దినములకు గాని తేరుకొనలేదు. ఆ యింటివారిని నిందించుటకు మాకు నోరు రాదు. ఏలయనగా ఆ మూడువందల విస్తళ్ళలో ఒకదాని ముందు మేమును కూర్చుంటిమి. రెండవసారి పాయసము అడిగి వేయించుకొంటిమి. "నలుగురూ ఏమంటారు" అని ఆయన భయపడిన ఆ నలుగురిలో మేమును ఒకరము.

ఆ రాత్రి ఆస్పత్రి వసారాలో కూర్చుండి మేము వేసికొనిన లెక్క ఇది. బిడ్డకై చేయు ఖర్చు మూడు తెగలు. మొదటిది, ఒకరినుండి ఒకరు తీసికొనదగినది. ఉయ్యాల, బొంత, చిన్నబట్టలు, స్నానపు తొట్టి, దోమతెర ఇందు చేరును. ఇవి బిడ్డ పెరుగుటచే పనికి మాలినవగును గాని అరిగిపోవు. ఒక బిడ్డ వదలిన చొక్కాయి నలుగురు బిడ్డలకు వచ్చును. రెండవది, ఆగదగినది. వెండి మొలత్రాడు, పట్టు గౌను, ఆటబొమ్మలు, ఫోటోల పండుగ, పేరు పెట్టునాటి పెద్ద విందు. ఇవి ఆరునెలలు ఆగిన బిడ్డకు తెలియనే తెలియదు. మూడవది, ఎరువు తెచ్చుటకును వీలులేనిది, ఆగుటకును వీలులేనిది. తల్లి అన్నము, తల్లి విశ్రాంతి, నెలనెల పరీక్ష, టీకా, ఇనుపధాతు మాత్రలు, ఏ నడిరేయినైనను ఆస్పత్రి చేరుటకు కావలసిన బండికూలి. ఒకరు తిన్న అన్నము మరియొకరి గర్భమునకు రక్తము కాదు. నేడు మానిన గ్రుడ్డును రేపు రెండుగా తినినను, నిన్నటి దినమున ఏర్పడవలసినది తిరిగి ఏర్పడదు.

పొదుపు ధర్మమగునా అధర్మమగునా యనుట, ఏ తెగలో పొదుపు చేసితిమి యనుదానిని పట్టియుండును. విచిత్రమేమనగా మన యిండ్లలో లెక్క తలక్రిందులుగా నడచుచున్నది. మొదటి తెగలో తీసికొనుటకు సిగ్గు, రెండవదానిలో ఆగుటకు సిగ్గు. ఆ రెండు సిగ్గుల ఖరీదు మూడవ తెగనుండి వసూలగును. ఎందుకనగా పట్టుచీర పదుగురి కంట పడును. తల్లి పళ్ళెములోని లోటు ఎవరి కంటను పడదు. ఆమెయు చెప్పదు. ఇంటిల్లిపాదికి వడ్డించి కడపట తినుట మన యాడువారికి అలవాటు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమున గర్భిణులలో నూటికి 52 మందికి రక్తహీనత యున్నట్లు తేలెను. ఈ అంకె పేదరికమును మాత్రమే చెప్పుచున్నదని మేము తలంపము. వడ్డనలో ఎవరి వంతు చివరిదో అదియు చెప్పుచున్నది. దీనికి తోడు, బిడ్డ పెరిగిన కాన్పు కష్టమగునని గర్భిణికి తిండి తగ్గించు అలవాటు కూడ కొన్ని యిండ్ల కలదు. అది పొదుపునకు దొరికిన పుణ్యపు ముసుగు.

మన శాస్త్రములు చెప్పిన దేమి? సీమంతోన్నయనము షోడశ సంస్కారములలో ఒకటి. భర్త భార్య పాపట తీర్చుట దాని ముఖ్యక్రియ. ఏదుపంది ముల్లు, దర్భలు, మేడికాయల గుత్తి అందుకు కావలసిన సంభారములు. వీణవారిని పాడుమని కోరుట కూడ గృహ్యసూత్రములలో కలదు. ఇందులో అప్పు చేసి తేవలసిన దొక్కటియు లేదు. ఇంటి పనిలో మునిగిన స్త్రీని కూర్చుండబెట్టి, భర్త తన చేతులతో ఆమె తల దువ్వి, ఆమె చెవికి ఇంపుగా పాడించుట ఆ క్రియ సారము. ఆనాడు సేవ పొందవలసినది ఆమె. నేడు మంటపములో నాలుగు గంటలు బరువైన పట్టుచీరతో నిలబడి, వచ్చినవారికెల్ల నమస్కరించుచు సేవ చేయుచున్నదియు ఆమెయే. ఆయుర్వేద గ్రంథములు నాలుగవ నెలనుండి గర్భిణిని దౌహృదిని యనెను. తనదొకటి, బిడ్డదొకటి, రెండు హృదయములు గలది యని అర్థము. ఆమె కోరికను కాదనరాదని విధించెను. దోహద మను మాట అటనుండి వచ్చినదే. నేడు మనము ప్రతిపనికి "దోహదము చేయుడు" అని సభలలో కోరుచుందుము. ఆ మాట పుట్టినచోటున, అనగా ఆమె పళ్ళెమునొద్ద, దోహదము చేయువా రెందరు?

తల్లిపాల విషయమును చూతము. తల్లిపాలు ఖర్చులేని ఆహార మని అందరు చెప్పుదురు. మొదటి ఆరునెలలు తల్లిపాలు తప్ప మరేమియు, నీరు కూడ, పెట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. డబ్బాపాల ప్రకటనలు తల్లులను దారి తప్పించుచున్నవని మన పార్లమెంటు 1992లో చట్టము చేసి వానిని అరికట్టెను. ఇదంతయు మంచిదే. కాని "ఖర్చులేని" యను మాట వద్ద మేము ఆగుదుము. ఆ పాలు ఎక్కడనుండి వచ్చును? తల్లి తిన్న అన్నమునుండి, పప్పునుండి, ఆమె నిద్రనుండి వచ్చును. శొంఠి, మిరియాలు, బెల్లము, నెయ్యి చేర్చి బాలింతకు కాయము చేసిపెట్టిన అవ్వలకు ఆ సంగతి తెలియును. డబ్బాపాల డబ్బు మిగిలినదని సంతోషించి, ఆ డబ్బులో కొంతయైనను తల్లి పళ్ళెములోనికి మరలింపనిచో, అది పొదుపు కాదు; ఒకరి యొడలినుండి చెప్పకుండ తీసిన అప్పు.

ఖర్చు తగ్గుటయు ప్రేమ పెరుగుటయు ఒకేచోట కలియు సందర్భములు కూడ లేకపోలేదు. 1978లో దక్షిణ అమెరికాలోని బొగోటా నగరమున, నెల తక్కువ బిడ్డలకు వెచ్చని పెట్టెలు చాలక, డాక్టరు ఎడ్గార్ రే సనాబ్రియా యనువాడు బిడ్డలను తల్లుల రొమ్ముమీద చర్మమునకు చర్మము తగులునట్లు కట్టియుంచు పద్ధతిని ఆరంభించెను. కంగారూ పద్ధతి యని దానికి పేరు వచ్చెను. లేమిచే పుట్టిన ఆ యుపాయము నేడు సంపన్న దేశముల ఆస్పత్రులలోను ఆచరణలో నున్నది. కాని తల్లి రొమ్ముమీద బిడ్డ యుండవలె నన్నచో ఆమె చేతిలో చీపురో, బీడీల చేటయో ఉండరాదు. ఆ పద్ధతికి కావలసిన యంత్రము ఆమె విశ్రాంతి. కావున అక్కడను మూడవ తెగ ఖర్చు తప్పలేదు.

సర్కారు సహాయము తీసికొనుటకు మనలో కొందరు సంకోచింతురు. "మనమేమి దిక్కులేనివారమా?" అందురు. 1927లో మద్రాసు శాసనమండలిలో ప్రవేశించిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి పేరిట తమిళనాడు ప్రభుత్వము పేదయిండ్ల గర్భిణులకు సహాయ మిచ్చుచు వచ్చినది. ఆ మొత్తము 2006లో 6,000 రూపాయలు, 2011లో 12,000, 2018లో పోషకాహారపు పెట్టెలతో కలిపి 18,000 ఆయెను. పనికి పోలేక పోగొట్టుకొను కూలికిని, మంచి తిండికిని ఆ డబ్బు ఉద్దేశింపబడినది. 2011లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన జననీ శిశు సురక్షా కార్యక్రమముచే సర్కారు ఆస్పత్రిలో కాన్పు, శస్త్రచికిత్స, మందులు, రక్తము, భోజనము, రాకపోకల బండి ఉచితములైనవి. తెలంగాణలో 2017లో బాలింతలకు పసిపిల్లల సామానుల పెట్టె ఇచ్చుట మొదలుపెట్టిరి.

ఇట్టి పెట్టెల కన్నిటికి పెద్దయక్క ఫిన్లాండు దేశమున నున్నది. 1938లో అచ్చటి ప్రభుత్వము పేద తల్లులకు బట్టలతోను, పరుపుతోను నిండిన అట్టపెట్టె ఇచ్చుట ప్రారంభించెను. ఆ పెట్టెయే బిడ్డకు తొలి పడకగా కూడ ఉపయోగపడెను. 1949 నుండి పేద, ధనిక భేదము లేక తల్లులందరికి ఇచ్చిరి. నాలుగవ నెల ముగియులోపల వైద్యపరీక్షకు పోవలెనని ఒకే నిబంధన పెట్టిరి. దీనియందలి ధర్మసూక్ష్మమును గమనింపవలెను. ధనికుని బిడ్డయు అదే పెట్టెలో పండుకొనినందున పేదవాని సిగ్గు పోయినది. తీసికొనవచ్చిన వస్తువును ఎరగా చూపి, తీసికొనరాని వస్తువైన వైద్యపరీక్షను ఇంటింట చేర్చినారు. మొదటి తెగ మూడవ తెగకు దారి చూపినది.

మన ప్రాంతపు చరిత్రలోనే ఇంతకంటె గట్టి పాఠము కలదు. 1890 ప్రాంతములలో తిండివనమున ఒకే రాత్రి ముగ్గురు పురుషులు, ఒకరి తరువాత ఒకరు, ఐడా స్కడ్డరను యువతి వాకిట నిలిచి, కాన్పు కష్టపడుచున్న తమ భార్యలను కాపాడుమని వేడిరి. ఆమె వైద్యురాలు కాదు. ఆమె తండ్రి వైద్యుడు. పరపురుషుని లోనికి రానీయము అని ఆ ముగ్గురును మరలిపోయిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆ దుఃఖమే ఆమెను వైద్యవిద్యకు పంపెను. 1900లో ఆమె వేలూరికి తిరిగివచ్చి ఒక్క మంచముతో చికిత్స మొదలుపెట్టెను. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచెను. గుడియాత్తము పోవు దారిలో చెట్లక్రింద బండి నిలిపి, దారివెంట రోగులను చూచెను. ఆ ముగ్గురు భర్తలు ఆ రాత్రి మిగుల్చుకొన జూచినది డబ్బు కాదు, పరువు. మంటపమునకు అప్పు చేసి బస్సుకూలి మిగుల్చుకొను మనము చేయుచున్నదియు అదే. కాలము మారినను, పరువునకు చెల్లించు వెల ఇంటి యాడుదాని ప్రాణమే యగుచున్నది.

ఇక ఆక్షేపణలను విచారింతము. "జన్మకొక్కసారి వచ్చు వేడుక, దానిని కూడ మానుమందురా?" అని అడుగువారు కలరు. వారి మాటలో సత్యము లేకపోలేదు. తమిళనాట స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు సీమంతము, పురుడు, ఉయ్యాలవేడుక ఉత్త విందులు కావు. దూరపు చుట్టములు కలిసికొని, ముత్తైదువలు తెలుగున మంగళహారతి పాడి, పిల్లలు వరుసలు నేర్చుకొను తావు లవి. వానిని మానుమని మేము అనము. కాని ఆ వేడుకలో విలువైనది విస్తళ్ళ లెక్కయా, హారతి పాటయా? పాటకు మంటపపు అద్దె లేదు. ఇంటి వసారాలో ఇరువదిమంది ఆడువారు కూర్చుండి గాజులు తొడిగి పాడిన సీమంతము మూడువందల విస్తళ్ళ సీమంతముకంటె తక్కువది కాదు. అంగన్‌వాడీలవారు గర్భిణుల నందరిని ఒకచోట చేర్చి వళైకాప్పు జరుపుట తమిళనాట కలదు. అక్కడ కూలివాని భార్యకును గాజులు తొడిగి, చిత్రాన్నములు పెట్టి పంపుదురు. వేడుక చిన్నదైనంతనే వెలితి కాదనుటకు అదియే సాక్ష్యము.

"ఇతరుల పాతబట్టలు మా బిడ్డకు వేయుదుమా?" అని మరికొందరు అందురు. తాత పంచె వేయవచ్చును గాని పినతల్లి కొడుకు చొక్కాయి వేయరాదా? ఇచ్చట ఇచ్చువారికి కూడ ఒక ధర్మము కలదు. చిరిగినదానిని, మరకపడినదానిని వదలించుకొనుటకు ఇచ్చినచో అది పొత్తు కాదు, పారవేత. ఉతికి, ఉడికించి, గుండీలు కుట్టి, మడత పెట్టి, "మా వాడు దీనిలో మొదట బోరగిల పడినాడమ్మా" అని చెప్పి ఇచ్చినచో ఆ చొక్కాయి ఒక కథతో కూడ పోవును. తీసికొనువారికి ధర్మము, పనియైన తరువాత అదే శుభ్రతతో మరియొక యింటికి పంపుట. పాతవి తీసికొనరాని వస్తువులు కూడ కలవు: గడువు దాటిన మందు, ఒకరు వాడిన పాలసీసా పీక, ఊడిపోవు మేకుల తొట్టె. పాతది యంతయు పవిత్రము కాదు. శుభ్రమైనది, గట్టిది మాత్రమే. బొడ్డుకోయు పరికరపు శుభ్రతయు, తల్లికి చౌకగా వేయు ధనుర్వాతపు టీకాయు ఎంతటి పని చేయునో మన దేశమే ఎరుగును. తల్లులకును పసికందులకును వచ్చు ధనుర్వాతమును దేశమున నిర్మూలించినట్లు 2015లో ప్రకటించిరి.

ఇంకొక మాట. ఈ ఖర్చులు ఎవరి నెత్తిన పడుచున్నవి? తొలికాన్పు భారము ఆచారమున పుట్టింటిది. మెట్టినింటివారు తమ పరువునకై కోరిన వెండి పళ్ళెము అవతలివారి మగ్గము మీద నేయబడును. పితృఋణము తీర్చుటకు బిడ్డ పుట్టునని మన శాస్త్రము. ఋణము తీర్చుటకు వచ్చు బిడ్డను కుదువ అంగడి ఋణముతో ఎదుర్కొనుట ఎంత విపరీతము! రెండిండ్లవారును ముందుగా ఒకచోట కూర్చుండి, వెండి పళ్ళెమునకు బదులు ఆ డబ్బును కాన్పుదినము వరకు ముట్టరాని మొత్తముగా తల్లి పేరనే దాచినచో, వియ్యపు మర్యాదకు అంతకు మించిన గుర్తు లేదు. మన సంఘములును పూనుకొని, ఉయ్యాలలను, బొంతలను ఒక యింటినుండి మరియొక యింటికి చేర్చు పొత్తును నడపవచ్చును. పదిండ్లకు రెండుయ్యాలలు చాలును. పదిమంది తల్లులకు మాత్రము పది పళ్ళెములు నిండవలెను.

కడపట ఒక నిత్యావసరము మిగిలినది. దానికి ఖర్చు లేదు. ఐనను మనము దానిలోనే అన్నిటికంటె ఎక్కువ పొదుపు చూపుచున్నాము. అది జోలపాట. తమిళనాట 2006 నాటి చట్టముచే బడులలో తమిళము నిర్బంధ పాఠమైనది. మన పిల్లలు తమిళము చక్కగా నేర్చుకొనవలెను. మనకు అన్నము పెట్టిన నేల భాష అది. కాని తెలుగు బడిలో దొరకునో దొరకదో యను ఈ దినములలో, తెలుగు తప్పక దొరకు తావు చీర ఉయ్యాల యొక్కటే. అక్కడ కూడ ఫోనులోని పాట పెట్టి చేతులు దులుపుకొనినచో, బిడ్డకు పట్టు గౌను ఉండియు మాట ఉండదు. అవ్వ నోట లాలి విన్న బిడ్డకు అక్షరము తరువాతనైనను రావచ్చును.

చోళేశ్వరాలయపు రాయి వెయ్యేండ్లుగా ఎండకు ఎండుచున్నది. మనము రాతితో గుడులు కట్టలేము. కట్టుమని మన మనుమలు అడుగరు. తల్లి కడుపునిండ తిని కన్న బిడ్డ, తాత పంచెలో చుట్టబడి, అవ్వ పాటకు కన్ను మూసినచో ఆ యింటి ఋణము తీరినట్లే. ఇకమీద ఏ యింట సీమంతపు పిలుపు వచ్చినను, మేము విస్తరి ముందు కూర్చుండుటకు ముందు ఆ పిల్లను చేరి, "అమ్మా, ఈ నెల పరీక్షకు పోయినావా? మాత్రలు తింటున్నావా?" అని అడుగవలెనని నిశ్చయించుకొంటిమి. చదువరులును అట్లు అడుగుదురు గాక. నలుగురూ ఏమంటారో యని భయపడు ఇంటివారికి, ఆ నలుగురు అడుగదగిన మొదటి మాట అదియే యగుగాక.